రైతు ఉన్నాడా అమ్మా?

2019 అక్టోబరు. దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినదాన్ని ఇంకో వారం అమ్మ దగ్గరే ఉండిపోయాను. నౌపడ జంక్షన్‌లో రైలు దిగి, ఉప్పు మళ్ళ పక్క రోడ్డు మీద ఆటోలో కొంత దూరం వెళ్తే మా ఊరు వస్తుంది. వంశధార ఎడమ కాలువకి శివారు ఊరు. శివారంటే ఏమిటో అక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పైనున్న ఊళ్ళన్నీ తడిశాక మిగిలితే మాకు నీళ్ళు. ఆ రాత్రి నీళ్ళ వంతు కోసం అమ్మా, మరో ఇద్దరు ఆడవాళ్ళూ కాలువ గట్టు మీద కాపలా కాశారు. తెల్లారి ఇంటికొచ్చి, మోకాళ్ళ దాకా ఉన్న బురదని నూతి దగ్గర కడుక్కుంటోంది అమ్మ. అప్పుడొచ్చాడు ఒక కుర్రాడు, చేతిలో జాబితా పట్టుకుని.

"రైతు ఉన్నాడా అమ్మా?"

"లేడు బాబూ. కరగపూర్‌లో ఉన్నాడు. సంకురాత్రికొత్తాడు" అంది అమ్మ.

ఆ కుర్రాడు నాన్న ఆధార్ నంబరూ, బ్యాంకు ఖాతా నంబరూ రాసుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మర్యాదస్తుడు. అమ్మకి ఆ ప్రశ్నలో ఏ తప్పూ కనిపించలేదు. నిజం చెప్పాలంటే, స్త్రీల రచనల మీద పరిశోధన చివరి దశలో ఉన్న నాకూ ఆ క్షణంలో కనిపించలేదు. రాత్రి పడుకున్నాక, బురద కాళ్ళతో నిలబడి "రైతు లేడు" అని చెప్పిన అమ్మ గుర్తొచ్చింది. అప్పుడు నిద్ర పట్టలేదు.

ఆ కుర్రాడు వచ్చింది రైతు భరోసా కోసం. ఆ నెల 15న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన పథకం అది. రైతు కుటుంబానికి ఏడాదికి 13,500 రూపాయలు. అందులో 6,000 కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ సొమ్ము. అంతకు ముందు ఏడాది, 2018 మేలో, తెలంగాణలో రైతుబంధు పేరుతో ఎకరానికి పంటకు 4,000 చొప్పున చెక్కులిచ్చారు. ఈ సొమ్ముకి రెండు రాష్ట్రాల్లోనూ ఒకే మాట వాడారు: పెట్టుబడి సాయం. మర్నాడు అమ్మని అడిగాను, ఈ ఏడు పెట్టుబడి ఎక్కడిదని. వేళ్ళ మీద లెక్క చెప్పింది. దుక్కికీ, ఎరువులకీ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు. ఉభాల కూలీకి చెవి కమ్మలు తాకట్టు. ఆకుతీత, కలుపు, నీళ్ళు కట్టడం తన రెక్కలు. నాన్న పంపింది పిల్లల చదువుకీ, నాయనమ్మ మందులకీ సరిపోయింది. మా పొలం ఎకరా ఇరవై సెంట్లు. నాన్న ఖరగ్‌పూర్‌లో హోటల్ పనికి వెళ్ళి అప్పటికి ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండు పంటలూ అమ్మ చేసినవే.

మరి సాయం ఎవరి పెట్టుబడికి అందినట్టు? ఈ ప్రశ్న పట్టుకుని కొంత వెనక్కి వెళ్ళి చూశాను. "రైతు ఉన్నాడా" అన్న మాట ఆ కుర్రాడు పుట్టించింది కాదు. దానికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

ముందు మాట సంగతే చూద్దాం. రైతు అరబ్బీ నుంచి పార్శీ మీదుగా పాలకుల కచేరీ భాషతో మనకి వచ్చిన పదం. "రైతు వచ్చాడు" అంటాం. "రైతు వచ్చింది" అంటే చెవికి తేడాగా ఉంటుంది, అందుకే ఆడమనిషి అయితే "మహిళా రైతు" అని ముందు ఒక మాట తగిలిస్తాం. కూలికి ఆ ఇబ్బంది లేదు. "కూలి వచ్చింది" అని సుఖంగా అనగలం. భాష మనకి తెలియకుండానే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టిందో చూడండి.

మా ప్రాంతంలో భూమి మీద కాగితం ఎలా పుట్టిందో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఉత్తర సర్కారుల్లో 1802 రెగ్యులేషన్‌తో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది. కంపెనీకి కావలసింది శిస్తుకి జవాబుదారీగా ఉండే ఒక పేరు. ఆ పేరు జమీందారుది. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జమీందారు కింద దున్నుకునే రైతుకి సాగు హక్కునిచ్చింది. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చాక రైతు నేరుగా ప్రభుత్వానికి పట్టాదారయ్యాడు. ప్రతి మలుపులోనూ హక్కు ఒక మెట్టు కిందకి దిగింది. అది పెద్ద విజయమే, దాని కోసం మనుషులు చచ్చిపోయారు. కాని ఇంటి గడప దగ్గరకి వచ్చేసరికి ఆగిపోయింది. కుటుంబానికి ఒక పేరు చాలనుకున్నారు, ఆ పేరు ఇంటి పెద్దది.

చచ్చిపోయారన్నాను కదా. నౌపడకి ఉత్తరాన మందస జమీందారీ ఉండేది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస దగ్గర గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారిలో సాసుమాన గున్నమ్మ ఉంది. నిండు గర్భిణి. వీర గున్నమ్మ అని ఇప్పటికీ తలుచుకుంటాం. రైతు పోరాట చరిత్రలో ఆమె పేరు నిలిచింది. ఎనిమిదేళ్ళ తరువాత జమీందారీలు రద్దయి పట్టాలు రాసే రోజు వచ్చినప్పుడు మాత్రం గున్నమ్మ వంటి వాళ్ళ పేరు రాయాలన్న ఊహ ఎవరికి వచ్చింది? 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీలు తమ అనుభవాలు చెప్పుకున్నారు. ఆ పుస్తకం మనలో చాలామందికి చరిత్రను ఎలా అడగాలో నేర్పింది. నేను దాన్నుంచి నేర్చుకున్నది ఇది: పోరాటం సాగినంత కాలం స్త్రీ కావాలి, పంపకం రోజున ఆమె ఇంట్లో ఉండాలి.

1971లో పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం వచ్చింది. ఇవాళ అప్పుకీ, సాయానికీ, పరిహారానికీ అన్నిటికీ తాళం చెవి అదే. 1973 భూ పరిమితి చట్టం కుటుంబం అంటే ఎవరో నిర్వచించింది. భర్త, భార్య, మైనరు కొడుకులు, పెళ్ళికాని మైనరు కూతుళ్ళు. మేజరు కొడుకులుంటే ఆ కుటుంబం ఉంచుకోగల భూమి పెరిగేందుకు దారి ఇచ్చింది. మేజరు కూతుళ్ళకి ఆ లెక్కలో చోటు లేదు. భూమి పంచాలనే ఉద్దేశంతో చేసిన చట్టం కూడా కొడుకునే రేపటి రైతుగా చూసింది.

1985 సెప్టెంబరు నుంచి మన రాష్ట్రంలో హిందూ కుటుంబాల్లో కూతురికి పిత్రార్జితంలో కొడుకుతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2005లో వచ్చింది. ఇది మనం గర్వంగా చెప్పుకునే విషయం. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళని 1985 చట్టం బయట ఉంచింది. మా అమ్మ పెళ్ళి 1988లో. అంటే చట్టం ప్రకారం ఆమెకి పుట్టింట్లో వాటా ఉంది. అడగలేదు. ఎందుకడగలేదని అంటే, "అడిగితే పుట్టిల్లుంటదేటే?" అంది. సంక్రాంతికి పసుపు కుంకుమా చీరా పెట్టే అన్నదమ్ములు కావాలో, సెంటు భూమి కావాలో తేల్చుకోమని మన సమాజం ఆడపిల్లని అడుగుతుంది. మగపిల్లవాడిని ఎవరూ ఇలా అడగరు.

గ్రామ లెక్కల్లో అడంగల్ అని ఒకటుంటుంది. అందులో పట్టాదారు పేరుకి ఒక గడి, అనుభవదారు పేరుకి ఇంకో గడి ఉంటాయి. భూమి ఎవరిదీ, ఎవరి అనుభవంలో ఉంది అనేవి వేరు వేరు సంగతులని ఆ లెక్క రూపొందించినవాళ్ళకి తెలుసన్నమాట. సాహిత్య విద్యార్థినిగా ఆ రెండో గడి నన్ను చాలా రోజులు పట్టుకుంది. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్న అమ్మ అనుభవదారు కాలేదు. భార్యది వేరే అనుభవం అని ఎవరూ అనుకోరు. భర్త అనుభవంలోనే ఆమె అనుభవమూ కలిసిపోతుంది. కౌలు రైతు పేరైనా అప్పుడప్పుడూ ఆ గడిలోకి ఎక్కుతుంది గాని, ఇంటి ఇల్లాలి పేరు ఎక్కదు. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' మా జిల్లా నేల మీద పుట్టిన కథ. అందులో భూమినీ, అప్పునీ తేల్చేది మగవాళ్ళ పంచాయితీ. ఆ కథని ఎన్నిసార్లు పాఠంగా చెప్పానో. ఆ పొలాల్లో ఊడ్చిన ఆడవాళ్ళు ఆ సభలో ఎక్కడున్నారని ఒక్క విద్యార్థినీ అడగలేదు. నేనూ అడగలేదు.

స్త్రీలని ప్రభుత్వం చూడలేదా అంటే, చూసింది. ఎప్పుడు చూసిందన్నదే నా ప్రశ్న. 1982లో డ్వాక్రా మొదలైంది. అప్పు ఇవ్వడానికి, తిరిగి కట్టించుకోవడానికి ఆడవాళ్ళు నమ్మకస్తులని తేలింది. 2004లో పావలా వడ్డీ వచ్చింది. మా ఊళ్ళో సంఘం అప్పు తీసుకున్న ఆడవాళ్ళలో ఆ డబ్బు యూరియా బస్తాలుగా మారనివాళ్ళు తక్కువ. సంఘం పుస్తకంలో అమ్మ పేరు, ఆమె వేలిముద్ర, ఆమె బాకీ ఉన్నాయి. అదే పొలానికి వచ్చే సాయం మాత్రం నాన్న ఖాతాలోకి వెళ్ళింది. పొలం అప్పు ఆమె పేరున ఉంటే పొలం సాయం అతని పేరున ఉంది. ఇద్దరిదీ ఒకే పొలం!

ఇంకా చూడండి. 2020 జనవరిలో అమ్మ ఒడి కింద బడికెళ్ళే పిల్లల తల్లుల ఖాతాల్లో 15,000 వేశారు. ఆ సెప్టెంబరులో ఆసరా కింద సంఘాల పాత బాకీల సొమ్ము తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. డిసెంబరు 25న ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరిట పంచారు. ఇవన్నీ మంచివే, నేను కాదనను. ఆ ఖాతాలు దొరికాయి, ఆ పేర్లు దొరికాయి. తల్లిగా, బాకీదారుగా, ఇల్లాలిగా ఆమె చిరునామా ప్రభుత్వానికి తెలుసు. రైతుగా మాత్రం తెలియదు. కాబట్టి ఆడవాళ్ళకి ఖాతాలు లేవు, కాగితాలు లేవు, గుర్తించడం కష్టం అనే వాదన నిలబడదు.

"ఇంట్లోకే కదా వచ్చేది, ఎవరి ఖాతాలో పడితే ఏం?" అని మా అన్నయ్యే అడిగాడు ఒకసారి. సరే, అదే నిజమైతే అమ్మ ఖాతాలో వేస్తే ఏం? డబ్బు ఎవరి చేతిలో పడిందన్న దాన్ని బట్టి ఎరువు ఏ రోజు వస్తుందన్నది ఉంటుంది. ఆ మొదటి ఏడు నాన్న ఆ సొమ్ములో సగం పంపాడు. మిగతా సగం ఆయనకి అక్కడేదో అవసరమైంది. ఆయన చెడ్డవాడు కాదు. చేతిలో డబ్బున్న మనిషికి అవసరాలు కూడా దగ్గరలోనే కనిపిస్తాయి.

నౌపడ ఉప్పు మళ్ళ దగ్గరకి వస్తే ఈ కథ మరో రకంగా కనిపిస్తుంది. పర్లాకిమిడి రాజా 1900లో తన పట్నం నుంచి చిన్న రైలు వేయించుకుని పెద్ద లైనుని కలుసుకున్నది ఈ నౌపడ దగ్గరే. రైలు కిటికీలోంచి చూస్తే తెల్లగా మెరిసే ఉప్పు గుట్టలు అందంగా ఉంటాయి. ఎండలో గంపలతో ఆ ఉప్పు మోసే ఆడవాళ్ళకి కాళ్ళు పగిలి, పుళ్ళు పడి ఉంటాయి. అక్కడ గట్లు వేస్తారు, నీళ్ళు కడతారు, పంట తీస్తారు. మడి అంటారు, ఉప్పు పంట అంటారు, ఉప్పు రైతు అంటారు. జనం నోట అది సేద్యమే. రాజ్యాంగంలో ఉప్పు కేంద్ర జాబితా 58వ అంశం. పరిశ్రమల వ్యవహారం. కనుక పీఎం కిసాన్ లెక్కలో ఉప్పు మడి సాగు భూమి కాదు. వాన పడితే కరిగిపోయే పంట అది. మా ఊరి నుంచి ఉప్పు పనికెళ్ళే ఒక పిన్ని నన్నడిగింది: "వరి మడైతే రైతట, ఉప్పు మడైతే కూలట. ఎండ రొండు సోట్లా ఒకటే గదే?" వరి మళ్ళో ఉన్న అమ్మ కాగితం లేక రైతు కాలేదు. ఉప్పు మళ్ళో ఉన్న పిన్నికి ఆ కాగితమే పుట్టదు.

కౌలుకి చేసే ఆడవాళ్ళది మరో కష్టం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం పదకొండు నెలల కార్డు ఇస్తుంది. దానికి భూయజమాని ఒప్పుకోవాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమానికి భయం. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుందని ఆమెకి భయం.

ఇది మన ఒక్కరి జబ్బూ కాదు. అమెరికా వ్యవసాయ గణనలో రైతు ఆడా మగా అని అడగడం 1978లో గాని మొదలవలేదు. మన దేశ వ్యవసాయ గణనలో ఆ లెక్క 1995-96 నుంచి ఉంది. 2015-16 గణన ప్రకారం దేశంలో స్త్రీల పేరిట ఉన్న కమతాలు సుమారు 14 శాతం. పల్లెల్లో పనిచేసే స్త్రీలలో నూటికి 75 మందికి పైగా వ్యవసాయంలోనే ఉన్నారు. 2025 ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ పందొమ్మిదో వాయిదా అందుకున్న 9.8 కోట్ల మందిలో స్త్రీలు 2.41 కోట్ల మంది. నలుగురిలో ఒకరు. చాలా మెరుగే కదా అనిపిస్తుంది.

ఆ ఒక్కరు ఎలా జాబితాలోకి వచ్చారో తెలుసుకోవాలంటే పథకం మార్గదర్శకాలు చదవాలి. కుటుంబం అంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. 1973 నాటి నిర్వచనానికి దగ్గర చుట్టమే. భూమి ఎవరి పేరున ఉందో చూసే తేదీ 2019 ఫిబ్రవరి 1. ఆ తరువాత అయిదేళ్ళ పాటు భూమి పేరు మారినా కొత్త పేరుకి అర్హత లేదు. ఒక్క మినహాయింపు ఉంది. పట్టాదారు చనిపోయి వారసత్వంగా పేరు మారితే ఒప్పుకుంటారు. భూమి ముక్కలు చేసి దొంగ పేర్లు చేర్చకుండా పెట్టిన నిబంధన అది, అర్థం చేసుకోగలను. కాని దాని ఫలితం చూడండి. బతికుండగా భర్త ప్రేమతో భార్య పేర అరెకరం రాసినా ఆ అయిదేళ్ళూ ఆమె రైతు కాదు. అతను చనిపోతే అవుతుంది.

నాన్న 2021లో పోయాడు, రెండో కోవిడ్ కెరటంలో. శవాన్ని కూడా తెచ్చుకోలేకపోయాం. దినం అయ్యాక పెద్దవాళ్ళు కూర్చుని, పొలం అన్నయ్య పేరు మీద పెట్టేద్దాం, ఎలాగూ వాడిదే కదా అన్నారు. అమ్మ పేరు మీద పెట్టాలని నేను పట్టుబట్టాను. అన్నయ్య ఒప్పుకున్నాడు. వాడు హైదరాబాదులో ఉంటున్నాడు, పొలం మీద వాడికీ ఆశ లేదు. పేరు మార్పిడికి వారసులందరం అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలి. పెట్టాను. ఆ కాగితంలో నా హక్కు కూడా ఉందని, దాన్ని వదులుకుంటున్నానని నాకప్పుడు తోచలేదు. స్త్రీలూ భూమీ అన్న విషయం మీద రెండు సదస్సుల్లో పత్రాలు చదివాను నేను! వదులుకోవాలా వద్దా అన్నది వేరే సంగతి. అమ్మకే వదులుకునేదాన్ని. కాని నన్నెవరూ అడగలేదు, నేనూ నన్ను అడుక్కోలేదు. పుట్టింట్లో అమ్మ ఊరుకున్నట్టే నేనూ ఊరుకున్నాను. నా ఊరుకోవడానికి నేను త్యాగమని పేరు పెట్టుకోగలను, అంతే తేడా.

అమ్మ పేరు పాస్ బుక్కులోకి వచ్చింది గాని సాయం వెంటనే రాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక రకంగా, భూమి రికార్డులో ఇంకో రకంగా ఉందట. ఒక కార్యాలయం చుట్టూ ఏడెనిమిది నెలలు తిరిగింది. చివరికి ఒకనాడు ఆమె ఫోనుకి మెసేజీ వచ్చింది. చదవలేక పక్కింటి పిల్లాడికి చూపించి, నాకు ఫోను చేసింది. నేను సంతోషపడిపోయి, "అమ్మా, ఇప్పుడు నువ్వు రైతువి" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. "మీ నాన్న పోతే గాని నాను రైతునవ్వనేదు" అంది.

ఏం చెయ్యాలి అంటే, కొత్త సంగతులేవీ అక్కర్లేదు. 2007 జాతీయ రైతు విధానం రైతు అనే మాటలోకి కౌలుదారునీ, కూలీనీ కూడా చేర్చింది. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు సాగు చేసే స్త్రీకి గ్రామ పంచాయతీ ద్వారా ధ్రువపత్రం ఇవ్వమంది. చట్టం కాలేదు. పాస్ బుక్కులో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయడానికి, అనుభవదారు గడిలో నిజంగా మడిలో ఉన్న మనిషి పేరు రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. 2025 ఆగస్టు 2న రాష్ట్రంలో అన్నదాత సుఖీభవ మొదలైంది. కేంద్రం ఇచ్చే 6,000తో కలిపి ఏడాదికి 20,000. పథకం పేరూ, సొమ్మూ మారాయి. సాయం పట్టా వెంటే నడుస్తోంది. 2026ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి. వాటిలో మనమూ మాట్లాడతాం. మాట్లాడే ముందు మన పుట్టిళ్ళ పాస్ బుక్కులు ఒకసారి తెరిచి చూసుకుంటే మంచిది.

ఆ మొదటి వాయిదా ఏం చేశావని తరువాత అమ్మని అడిగాను. సంఘం బాకీ కట్టిందట. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.